చెవిపెట్టె

పాపాయి వాళ్ల నాన్న ఏ వస్తువునైనా ముందు అరచేతిలో పెట్టుకుని తూచేవాడు. తను కొన్నదైనా, ఎవరైనా ఇచ్చినదైనా, పక్కింటివాళ్లు ఊరికే చూపించడానికి తెచ్చినదైనా సరే. అరచెయ్యి పైకీ కిందికీ ఆడించి, వేలి కణుపుతో ఒకసారి తట్టి, అప్పుడు తీర్పు చెప్పేవాడు. టీవీ రిమోటుకి "డొల్ల" అని పేరు పెట్టాడు. పాపాయి మొదటి జీతంతో కొనిచ్చిన ఫోనుని "అగ్గిపెట్టె" అన్నాడు. ఆయన మెచ్చుకున్నవి ఇంట్లో మూడే మూడు: ఒక స్పానరు, ఒక ఇత్తడి తాళం, అమ్మ.

"మూడోదాన్ని తూచి చూశావా బావా?" అని పిన్ని అడిగితే, "ఆ ధైర్యం చెయ్యలేదు కాబట్టే ఇన్నాళ్లు బతికున్నాను మరదలా," అనేవాడు.

పాపాయి అన్నది ముద్దుపేరు. నలభై దాటినా ఇంట్లో ఆ పేరు ఆమెను వదల్లేదు. బయట ఆమె చెవి యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. యంత్రం లోపలి సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు. అది పైకి ఎలా కనపడాలి, ఎక్కడ గుండ్రంగా ఉండాలి, మీట తిప్పితే ఎలాంటి చప్పుడు రావాలి, చేతిలోకి తీసుకోగానే మనిషికి ఏమనిపించాలి, ఇవన్నీ ఆమె పనిచేసే గది చూసుకుంటుంది. ఆ గదికి పెద్ద అయిన మనిషిని అందరూ పెద్దాయన అనే పిలిచేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లకి ఆయన ఒక తమాషా చూపించేవాడు. ఒకేరకం యంత్రాలు రెండు తీసుకుని, ఒకదాని డొప్పలో మాత్రం పనికిమాలిన ఇనపముక్క ఒకటి అతికించేవాడు. బయటినుంచి నలుగురిని పిలిచి రెండూ పెట్టుకుని చూడమనేవాడు. దాదాపు అందరూ బరువున్నదాంట్లోనే మాట స్పష్టంగా వినిపిస్తోందని చెప్పేవాళ్లు.

"చూశారుగా. చెవికంటే ముందు చెయ్యి వింటుంది," అనేవాడు పెద్దాయన. "ఇంకో సంగతి. మొదటిచూపు చెడిందా, రెండోచూపు ఉండదు. మనిషి వస్తువుని చూసిన క్షణంలోనే సగం తీర్పు రాసేస్తాడు. మిగతా సగం దానికి సాక్ష్యాలు వెతుక్కోవడమే."

పాపాయి ఆ మాటల్ని గుండెల్లో దాచుకుంది. తండ్రి అరచేతిని చూస్తూ పెరిగిన పిల్లకి అవి కొత్తగా తోచలేదు కూడా.

దీపం కిందే చీకటి అన్నట్టు, ఆమె తండ్రికే చెవుడు. అది మరమగ్గాలు ఆయనకిచ్చిన బహుమానం. మిల్లులో మగ్గాల మేస్త్రీగా బతుకంతా గడిపాడు. మగ్గాలన్నీ ఒక్కసారిగా తిరుగుతుంటే, నూలు మోస్తూ అటూ ఇటూ కొట్టుకునే ఆ నాడెల మోతకి పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. అందుకని ఆ షెడ్డులోవాళ్లు గొంతులు మూసేసి పెదవులతో మాట్లాడుకునేవాళ్లు. ప్రతి అక్షరాన్నీ నోటితో గీస్తున్నట్టు, మొహమంతా కదిలిస్తూ. ఈ చివర నుంచి ఆ చివరకి చాడీలు, సరసాలు, తిట్లు అన్నీ చప్పుడు లేకుండా నడిచేవి.

అమ్మ అదే షెడ్డులో నూలు కండెలు చుట్టే వరసలో పనిచేసేది. వాళ్ల పరిచయం పెదవుల మీదే మొదలైంది. చాలాకాలం ఆయన ఆమె మాటలు చూశాడే తప్ప వినలేదు. ఒకరోజు గేటు బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి "కాస్త జరుగుతారా?" అని వినిపించిందట. తిరిగి చూస్తే ఆమె. ఆయన జరగలేదట.

"ఇంత పీలమనిషిలోంచి అంత నిండు గొంతా! పగులు లేని ఇత్తడిని తట్టినట్టు మోగింది," అని ఎప్పుడు చెప్పినా అప్పుడే విన్నట్టు చెప్పేవాడు.

"జరక్కుండా నిలబడ్డారు చూడూ, ఇదిగో, ఇప్పటికీ జరగలేదు," అని అమ్మ ముగించేది.

ఆ తర్వాతి ఏళ్లలో ఆయన చెవులు కొద్దికొద్దిగా మూసుకుపోయాయి. ఇంట్లో అది పెద్ద లోటుగా తెలియలేదు. అమ్మ ఎదురుగా నిలబడి మాట్లాడేది, ఆయన టక్కున బదులిచ్చేవాడు. వాళ్లిద్దరూ పోట్లాడుకుంటుంటే చెవుడు ఎక్కడుందో పరాయివాళ్లు కనిపెట్టలేరు. పాపాయికి మాత్రం ఆ పెదవి మాట పట్టుబడలేదు. "నువ్వు పళ్లు బిగించి మాట్లాడతావే, ఒక్క ముక్క కనపడదు," అని ఆయన విసుక్కునేవాడు. యంత్రం పెట్టుకోమంటే, "మీ అమ్మ మాట నాకు కనిపిస్తోంది. మళ్లీ వినడం దేనికి? తిన్న అన్నమే మళ్లీ తిన్నట్టు," అని కొట్టిపారేసేవాడు.

అమ్మ గొంతు బొంగురుపోయినప్పుడు అందరూ జలుబనుకున్నారు. జలుబు అన్ని వారాలుండదని పిన్ని పోరితే ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, మెల్లగా చెప్పింది. గొంతులో గడ్డ. ముందు మందులతో దాన్ని కొంత అణచాలి. ఆ తర్వాత స్వరపేటిక తీసెయ్యాలి. ప్రాణానికి భయం లేదు.

"మరి మాట?" అంది అమ్మ.

"ఉండదమ్మా."

"ఎప్పటిదాకా ఉంటుంది?"

"ఆపరేషన్ దాకా. కాకపోతే ఇప్పుడున్నట్టు ఉండదు. రోజురోజుకీ తగ్గుతుంది."

తిరిగివచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లోని చేతిసంచి అంచు మడతపెడుతూ విప్పుతూ ఉంది. కొంతసేపటికి, "మీ నాన్నకేం తేడా పడదులే. నా గొంతు విని ఎన్నేళ్లయిందో ఆయన," అని నవ్వింది. ఆ నవ్వు చివర గొంతు చిన్నగా జీరపోయింది.

ఆ బస్సులోనే పాపాయికి ఒక పట్టుదల పట్టుకుంది. ఆపరేషన్ అయ్యేలోపల నాన్న అమ్మ గొంతు వినాలి. ఒక్కసారి, ఇంకొక్కసారి. ఇన్నేళ్లు ఊరందరి చెవులకీ యంత్రాలు చేసి, ఇంట్లో రెండు చెవులకి ఆ మాత్రం చెయ్యలేకపోతే ఆ పనెందుకు అనుకుంది.

నాన్నకి బలవంతాన చెవి పరీక్ష చేయించి, కంపెనీలో అన్నిటికంటే చిన్న యంత్రాన్ని ఇంటికి తెచ్చింది. అది ఆ గది గర్వకారణం. శెనగగింజంత ఉంటుంది, ఒంటిరంగులో ఉంటుంది. చెవిలో పెట్టుకుంటే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. చెయ్యి ఆడించాడు.

"ఏదీ?"

"నీ చేతిలోనే ఉంది నాన్నా," అని పాపాయి వేలు పెట్టి చూపించింది.

"ఓహో. ఎవరూ తుమ్మకండి."

పిన్ని ఆ రోజు అక్కడే ఉంది. ఆయనకి ఎదురుగా వచ్చి నోరు పెద్దగా తెరిచి, "పెట్టుకో బావా, ఎవరికీ కనపడదట," అంది.

"కనపడకూడనంత తప్పు నేనేం చేశాను? కళ్లు ఆననివాడు ముక్కుమీద అద్దాలు పెట్టుకుని దర్జాగా తిరుగుతున్నాడు. చెవిటివాడు మాత్రం దాక్కోవాలా?" ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. "దీన్ని చేసినవాడెవడో గానీ, చెవుడంటే సిగ్గుపడాలని ముందే తేల్చేసుకున్నాడు."

చేసింది తనేనని పాపాయి చెప్పలేదు.

మర్నాడు ఆ యంత్రం మేకుల డబ్బాలో దొరికింది. అమ్మ నడుంమీద చేతులు పెట్టుకుని ఆయన ముందు నిలబడి, గొంతు ఎత్తకుండా పెదవులతో, "చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాడట. అలా ఉంది మీ వరస," అంది. ఆయన పగలబడి నవ్వాడు. నవ్వి, "అదుగో, వినపడింది. ఇంకేం కావాలి?" అన్నాడు.

పాపాయి కంపెనీలో పెద్దాయనకి సంగతంతా చెప్పింది. ఆయన విని, "స్టోర్సులో పాత పరీక్ష డబ్బా ఉంది కదా, ప్లాస్టిక్కుది. జేబులో పెట్టుకుని చెవికి వైరు తగిలించుకునేది. బాగానే పనిచేస్తుంది. ఇవాళే పట్టుకెళ్లు," అన్నాడు.

"దాన్ని చూస్తే సబ్బుపెట్టె అంటాడు సార్. అదీ మేకుల డబ్బాలోకే పోతుంది. ఒక చూపు ఇప్పటికే చెడింది. ఇంకొకటి చెడితే మళ్లీ ముట్టుకోడు. మీరు చెప్పిన మాటే కదా."

"నేను చెప్పింది అమ్ముకునే వస్తువు గురించమ్మా."

"మా నాన్నకంటే గట్టి బేరగాడు దొరకడు సార్. ఆయన చేతికి నచ్చేట్టు చేసిస్తాను. అప్పుడు తప్పకుండా పెట్టుకుంటాడు."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మ గొంతు ఫోనులోనైనా పట్టి ఉంచు," అన్నాడు.

ఆ పని అప్పటికే చేసింది. అందులో పడింది బొంగురు గొంతే. పాతది ఎక్కడైనా ఉందేమోనని ఇంట్లో మూలబడ్డ ఫోన్లన్నీ వెతికింది. అమ్మ ఎప్పుడూ ఫొటో తీసే వైపే, మాట్లాడే వైపు కాదు. ఒక్కచోట మాత్రం, పిల్లల గోల మధ్య, సగంలో తెగిపోయిన ఆమె మాట ఒకటి దొరికింది. అది ఆమెదేనని తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

అలా పెట్టె పని మొదలైంది. దాన్ని స్టీలుతో చేయాలనుకుంది పాపాయి. నాన్న అరచేతి వెడల్పు ఆమెకి కొలవకుండానే తెలుసు. డొప్ప కోయించి, అంచులు తనే రుద్దింది. ముందు గుండ్రంగా రుద్దింది. అది సబ్బుబిళ్లలా అనిపించి పక్కన పడేసి, మరొకటి కోయించింది. ఈసారి అంచు చేతికి తెలిసేట్టు, కోసుకోకుండా ఉండేట్టు రుద్దింది. పైన మీట కావాలి, వేళ్లతో పట్టి తిప్పే మీట. తిప్పితే టిక్కుమని ఒక మెట్టు ఎక్కినట్టు తెలియాలి. చెవిటివాడికి ఆ టిక్కు వేలికే వినపడాలి. దానికోసం స్ప్రింగులు మార్చింది. ఒకటి మెత్తనైంది, ఒకటి మొండికేసింది, ఇంకొకటి బాగానే ఉందిగానీ వెనక్కి తిప్పితే చప్పుడు మారింది. ఆఖర్న లోపల ఖాళీలో ఇనపముక్క ఒకటి బిగించి, కళ్లు మూసుకుని చెయ్యి ఆడించి చూసింది. చాలలేదు. ఇంకొంచెం పెద్దది వేసింది.

వారాలు వారాలే ఆ పనిలో పోయాయి. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ గొంతు నిన్నటికంటే ఒక పొర ఊడినట్టు ఉండేది. పాపాయి అది విన్నది. విని, రేపు ఆ స్ప్రింగు సంగతి తేల్చాలి అనుకుంది.

ఒక దశలో అమ్మ మాట్లాడటమే మానేసింది. "అక్కకి ఫోన్ చేస్తే ఎత్తదు, ఎత్తినా ఊఁ కొట్టదు. నామీద ఏమైనా కోపమా?" అని పిన్ని పాపాయిని అడిగింది. పాపాయి వంటింట్లోకి వెళ్లి అమ్మని నిలదీసింది. అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, దగ్గరికి రమ్మని సైగచేసి, చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"దాచుకుంటున్నానే. నువ్వు పెట్టె తెచ్చే రోజుకి కాస్త మిగలాలి కదా."

"ఆ రోజు ఏం చెప్తావమ్మా?"

"అదే ఆలోచిస్తున్నాను. ఇన్నేళ్లు వాగానా, ఏం వాగానో ఒక్కటీ గుర్తులేదు. ఇప్పుడొక్క మాట కోసం ఎంత వెతుక్కుంటున్నానో చూడు."

ఆపరేషన్ ఇంకో వారం ఉందనగా, ఒక ఆదివారం పొద్దున పాపాయి పెట్టె తెచ్చింది. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె దాన్ని బల్లమీద పెట్టింది. ఏమీ చెప్పలేదు. చెప్పి చూపించిన వస్తువు కంటే మనిషి తనంతట తాను తీసుకున్న వస్తువు మీద ఇష్టం ఎక్కువని ఆమె గదిలో అందరికీ తెలుసు.

ఆయన చెయ్యి చాచాడు. అరచేతిలోకి తీసుకున్నాడు. పైకీ కిందికీ ఆడించాడు. కణుపుతో తట్టాడు. మీట పట్టి ఒక మెట్టు తిప్పాడు, ఇంకో మెట్టు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"ఇదీ! ఇదీ వస్తువంటే. ఎవరు చేశారు?"

పాపాయి తన గుండెమీద చెయ్యి పెట్టుకుని చూపించింది.

"నువ్వా?" ఆయన బొటనవేలితో అంచు వెంబడి తడిమాడు. "అంచు బాగా రుద్దావే."

ఆయన నోట ఆ మాట వినడానికి ఆమెకి ఇన్నేళ్లు పట్టింది. ఆ కాసేపు ఆ పెట్టెని ఎందుకు చేసిందో కూడా మరిచిపోయింది.

పెట్టెకి వైరు తగిలించి, దాని చివరనున్న బిళ్ల ఆయన చెవిలో పెట్టింది. ఆయన మీట తిప్పి ఉలిక్కిపడ్డాడు. "ఎవరది?" అన్నాడు. ఆయన చొక్కా గుడ్డే పెట్టెకి రాసుకుంది. అది తెలిసి తనే నవ్వాడు. తల అటూ ఇటూ తిప్పాడు.

"ఆ టపటప ఏంటి?"

"కుళాయి కారుతోంది నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"చెప్పొద్దూ?" అని, ఆమె వైపు తిరిగి, "నీ గొంతు ఇదా? మీ మేనత్త గొంతు వచ్చిందే నీకు, ఖర్మ," అన్నాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆయన వేలెత్తి, ఆ గంట మలుపు తిరిగేదాకా వేలు దించలేదు.

అమ్మ అప్పటికే తల దువ్వుకుని, గోరువెచ్చటి నీళ్లు తాగి, వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. మోకాళ్లు ఆయన మోకాళ్లకి తగిలేంత దగ్గరగా. ఒకసారి ఊపిరి తీసుకుంది.

"ఏమండీ... నేనండీ."

ఆ గొంతు ఎండుటాకుల మీద ఏదో ఈడ్చుకుపోతున్నట్టు ఉంది. గాలి ఎక్కువ, మాట తక్కువ. నాన్న ఆమె మొహం చూశాడు. పెట్టె వైపు చూశాడు. మీట ఒక మెట్టు పెంచాడు.

"మళ్లీ అను."

అమ్మ వెతుక్కుని వెతుక్కుని దాచిపెట్టిన మాట అప్పుడు బయటికి తీసింది. "మీకు... వినపడలేదని... నేనేం... తక్కువ మాట్లాడలేదండోయ్." నవ్వించాలని అనుకున్న మాట అది. మూడుచోట్ల తెగింది. చివరి అక్షరాలు గాలిగానే పోయాయి.

నాన్న నవ్వలేదు. చెవిలోంచి బిళ్ల తీశాడు.

"మిషను బాలేదు పాపాయీ. గరగరమంటోంది. లోపల ఎక్కడో వదులైంది."

"నాన్నా, అది..."

అమ్మ చెయ్యి వచ్చి పాపాయి మోకాలి మీద పడింది. గట్టిగా నొక్కింది. నాన్న వైపు చూస్తూనే, గొంతు లేకుండా, పెదవులతో, "అవునండీ. కొత్తది కదా. సరిచేస్తుందిలే," అంది. నెమ్మదిగా అంది కాబట్టి ఆ మాట పాపాయికి కూడా కనిపించింది.

"సరిచేస్తాను నాన్నా," అంది పాపాయి.

ఆయన వైరు చుట్టి పెట్టెని ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆపరేషన్ దాకా ఆమె ఇక గొంతు వాడలేదు.

సోమవారం కంపెనీలో పాపాయి ఆ పెట్టెని పరీక్షబల్ల మీద పెట్టింది. వదులైంది ఏదీ లేదు. పెద్దాయన కూడా చెవికి పెట్టుకుని చూసి, "శుభ్రంగా ఉందే," అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన ప్లాస్టిక్ డబ్బా గురించి ఎత్తలేదు. ఎత్తకపోవడం చూసి ఆమె తనే స్టోర్సుకి వెళ్లి దాన్ని తీసి చూసింది. డొల్ల. పైన మాసిన తెలుపు. చెవికి పెట్టుకుంటే మాత్రం స్టీలు పెట్టెలో ఎలా వినిపించిందో అలాగే వినిపించింది. మొదటిరోజే దీన్ని పట్టుకెళ్లి బతిమాలో బెదిరించో పెట్టించి ఉంటే, ఆయన వినేది జలుబు చేసిన గొంతు. కాస్త బొంగురే, కానీ తెగని గొంతు. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వడమే వెర్రి అంటారు. తను ఆ నూతికి గట్టు చక్కగా వచ్చిందా లేదా అని చూసుకుంటూ కూర్చుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. మాట్లాడాల్సినవి రాసి చూపించమని ఆస్పత్రిలో ఒక పలక ఇచ్చారు. అమ్మ దాన్ని పాపాయితోనూ పిన్నితోనూ వాడింది. నాన్నతో వాడే అవసరం రాలేదు. ఆమె పెదవులు కదిపేది, ఆయన బదులు చెప్పేవాడు. నర్సులు మొదట విస్తుపోయారు. తర్వాత ఏ సందేహం వచ్చినా ఆయననే పిలవడం మొదలుపెట్టారు.

"నొప్పి లేదంటోంది. అబద్ధం. సూది ఇవ్వండి," అనేవాడు. "ఆ ఎర్ర టోపీ నర్సు మంచిదట, మీరు కాదట. నేనన్లేదమ్మా, ఆవిడంది."

చెవులు బాగా ఉన్న పాపాయికి మాత్రం ఇప్పుడు అమ్మ మాట అందేది కాదు. మంచం పక్కన నిలబడి, నాన్న ఎప్పుడు చెప్తాడా అని ఆయన నోటివైపు చూసేది.

ఇంటికి వచ్చిన మర్నాడే నాన్న అడిగాడు. "ఆ పెట్టె ఏది? బాగుచేశావా?"

"చేశాను," అని తల ఊపింది.

ఆమె దాంట్లో దేన్నీ తాకనైనా తాకలేదు. సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన చొక్కా జేబులో వేసుకుని బిళ్ల చెవిలో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అది ఆయన చెవిలోనే. వచ్చినవాళ్లందరికీ తీసి చూపించేవాడు. "మా పాపాయి చేసింది. పట్టుకుని చూడండి. బరువు చూడండి. ఆ మీట తిప్పండి, పరవాలేదు." వాళ్లూ అరచేతిలో పెట్టుకుని ఆడించి, చాలా బాగుందని ఇచ్చేవాళ్లు. ఆయన మొహం చూశాక ఎవరైనా అంతకంటే ఏమంటారు?

పిన్నికి మాత్రం ఒళ్లు మండింది. "అక్క మాట్లాడినన్నాళ్లూ పెట్టుకోలేదు. ఇప్పుడు పెట్టుకుని ఏం వింటావు బావా?"

"నీ నోరు మరదలా. ఇన్నాళ్లు తప్పించుకు తిరిగాను. చేసుకున్న కర్మ ఎక్కడికి పోతుంది?"

పిన్ని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతోంది. తండ్రీ కూతుళ్లు వీధి మెట్ల మీద కూర్చున్నారు. ఎండకి వీధిలో ఎవరూ లేరు. నాన్న జేబులో పెట్టెని తడుముకుంటూ, ముందుకే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు దీంట్లో తప్పేం లేదు కదూ."

పాపాయి ఆయన జేబువైపు చూసింది.

"మగ్గాల మధ్య బతికినవాణ్ణి. చెడిన మిషనేదో, మంచి మిషనేదో తెలీదా నాకు? కుళాయి సరిగ్గా వినపడింది. నీ గొంతు వినపడింది. సైకిలు గంట వినపడింది. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి పాడైపోతుందా? కానీ ఏమనను? మొహంలో మొహం పెట్టి చూస్తోంది. నా మొహంలో ఏదైనా కనపడేలోపల ఎవర్నో ఒకర్ని అనాలి. ఇది నోరులేనిది, పడుతుందిలే అని దీన్నన్నాను."

"అమ్మకి..."

"తెలుసులే. నీ మోకాలు నొక్కింది, చూశాను. చూడ్డమే కదా ఇన్నేళ్లూ నా పని."

పాపాయి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "తప్పు నాది నాన్నా. స్టోర్సులో పాత డబ్బా ఒకటుంది. మొదట్లోనే అది తెచ్చుంటే ఇంకాస్త మంచి గొంతు వినేవాడివి. నీకు నచ్చదని..."

"తెచ్చినా పెట్టుకునేవాణ్ణి కాదు. నేనెంత మొండిఘటాన్నో నాకు తెలీదా?"

అది నిజమో, ఓదార్పో ఆమెకి తెలియలేదు. ఎప్పటికీ తెలియదని మాత్రం తెలిసింది.

"ఒక్కటే చిక్కు వచ్చింది," అన్నాడు ఆయన. "ఇదివరకు ఆవిడ పెదవి కదిలితే నాకు ఆనాటి గొంతే వినపడేది. చెవిలో కాదు, లోపల. వయసులో ఉన్నప్పటి గొంతు. ఇన్నేళ్లూ ఆ గొంతుతోనే నన్ను తిట్టింది, అన్నానికి పిలిచింది. అందుకే నీ యంత్రాలు నాకక్కర్లేకపోయాయి. ఇప్పుడు పెదవి కదిలితే ఆ ఆదివారం గొంతు వినపడుతోంది. పాతదాన్ని తెచ్చుకుందామంటే రావట్లేదు."

పాపాయి తండ్రి వైపు తిరిగింది. "నేనే తీసేశాను కదా నాన్నా, ఆ పాత గొంతుని. నీకు వినిపించాలని చెప్పి."

ఆయన ఆ మాటని కూడా అరచేతిలో పెట్టుకుని తూచినట్టు కొంతసేపు ఆలోచించాడు.

"తీసేశావనుకో. మరి ఆ ఆదివారం గొంతు మాత్రం ఎవరిది? ఆవిడదేగా. అన్నాళ్లు ఇంట్లో తిరుగుతూ, వంట చేస్తూ, దాన్ని ఒక్కతే మోసింది. నేను పక్కనే కూర్చుని పాతది వింటూ ఉన్నాను. ఇప్పుడు నేనూ కాస్త మోస్తాను."

"బాధగా ఉంటే పెట్టుకోకు. తీసుకెళ్లిపోతాను."

ఆయన జేబుమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఉండనీ. ఆవిడ ఊపిరి వినపడుతుంది దీంట్లో. మెడ దగ్గర తేడాగా ఉంటే ముందే తెలుస్తుంది." అలా అని ఆగి, తల కాస్త లోపలి వైపు వంచాడు. "లేచినట్టుంది."

మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి వెళ్లాడు. పాపాయి మెట్ల మీదే ఉండిపోయింది. లోపల మంచం కిర్రుమంది. తర్వాత ఆ మాటల్లో ఆమెకి అందే సగం వినిపించసాగింది.

"ఇప్పుడే... మూడు దాటింది... లేదు, ఇంకా తినలేదు. నువ్వు లేవాలని... ఆ, ఇక్కడే ఉంది. మెట్ల మీద కూర్చుంది."

కాసేపు ఏమీ వినపడలేదు.

"లేదులేవే," అన్నాడు నాన్న. "ఏడవట్లేదు."